ఇరవై ఆరేళ్ళ ఎండ

“ఇక నుంచి మీ ముఖమే మీ హాజరు. కార్డులు అక్కర్లేదు, సంతకాలు అక్కర్లేదు. ఒక్కరి పేరు కూడా తప్పిపోదు. ఇది నా హామీ.”

ఆకివీడు దాటాక రోడ్డు పక్కనున్న రొయ్యల షెడ్డు గేటుకి కొత్త యంత్రం బిగించిన రోజున సూపర్‌వైజర్ ప్రసాదరావు అన్న మాటలివి. యంత్రానికి బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. రొయ్యలు వొలిచే నలభై మంది ఆడవాళ్ళ చేత చప్పట్లు కొట్టించారు. ఫోటోలు మాత్రం కొత్తవి తియ్యలేదు, పాత కార్డుల్లోవి ఎక్కించేశారు. అది మార్చి నెల. డిసెంబరు వచ్చేసరికి వెంకటనరసమ్మ పేరు తప్పిపోయింది.

కొల్లేటి అంచున ఆవిడ ఇల్లు. రెండు గదులు, ఒక అరుగు. చలికాలంలో సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆ అరుగు మీదికి పాలగిన్నెలు వస్తాయి. చలికి ఊళ్ళో పెరుగు తోడుకోదు. నరసమ్మ పక్కన పెడితే తెల్లారేసరికి గట్టిగా, కత్తితో కోసేటట్టు తోడుకుంటుంది.

“పిన్నిగారూ, రెండు గిన్నెలు పెట్టానండీ,” అంటుంది పక్కింటి ఇందుమతి. “పెద్దది మాది. చిన్నది మా తోటికోడలిది. దానికి కాస్త ఎడంగా పడుకోండి, నిన్న మరీ పులిసిపోయిందంట.”

“కూర్చోమ్మా. టీ పెడతాను.”

“అమ్మో, పొయ్యి మీద కూర ఉందండీ.”

రోజూ ఎవరి పొయ్యి మీదో కూర ఉంటుంది. ముసురు పట్టిన రోజున ఆరని వడియాలు తెచ్చి ఆవిడ ఒళ్ళో పరుస్తారు. కొత్తగా పొదిగిన కోడిపిల్లల్ని బుట్టతో సహా దించి వెళతారు. గిన్నెలు వస్తాయి, బుట్టలు వస్తాయి. వాటిని తెచ్చిన మనుషులు గడప దాటి లోపలికి రారు. భర్త పోయి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. ఈ తొమ్మిదేళ్ళలో ఆవిడ చెయ్యి పట్టుకున్నది సూదిమందు వేసే నర్సు ఒక్కతే.

ఇరవై ఆరేళ్ళు నరసమ్మ చేపల చెరువుల మీద పనిచేసింది. మిట్టమధ్యాహ్నం పడవలో నిలబడి, చెరువులో పాతిన గెడలకి చేపలు తినే తవుడు సంచులు కట్టేది. పైన ఎండ, కింద నీళ్ళలో ఎండ. అదంతా ఆవిడ చర్మంలోకి ఇంకి, చలి మొదలవగానే మెల్లగా బయటికొచ్చేది. ఆవిడకి మాత్రం ఆ వేడి తెలియదు. అది బయటి వైపుకే పోతుంది. చుట్టూ పాలగిన్నెలు వెచ్చగా నిద్రపోతుంటే మధ్యలో ఆవిడ రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ పడుకునేది.

మోకాళ్ళు మొరాయించాక పడవ మానేసి షెడ్డులో చేరింది. ఐదేళ్ళు ఐసు బల్ల దగ్గర నిలబడి రొయ్యలు వొలిచింది. మొన్న జూలైలో టైఫాయిడ్ వచ్చి రెండు నెలలు మంచాన పడింది. లేచేసరికి పద్నాలుగు కిలోలు పోయాయి. మనిషి చిక్కిపోయింది గాని చర్మం చిక్కలేదు. బుగ్గలు దవడల కిందికి దిగాయి. గడ్డం కింద చర్మం వేలాడింది. భుజాల దగ్గర జాకెట్టు చేతుల్లోంచి మడతలు మడతలుగా బయటికొచ్చింది.

సత్తువ తెచ్చుకుని డిసెంబరులో మళ్ళీ పనికొచ్చి యంత్రం ముందు నిలబడితే, “ముఖం సరిపోలలేదు” అంది యంత్రం.

“ఏవండీ నరసమ్మగారూ, బుగ్గలు కాస్త పైకి లాగి పట్టుకోండి,” అన్నాడు ప్రసాదరావు. ఆవిడ రెండు చేతులతో లాగి పట్టుకుంది.

“చేతులు తొలగించండి,” అంది యంత్రం.

“కొత్త ఫోటో తియ్యండి బాబూ.”

“అది నా చేతుల్లో లేదండీ. హైదరాబాదు నుంచి పర్మిషన్ రావాలి. ఎప్పటికొస్తుందో ఏమో! ఏలూర్లో ఎవరో డాక్టరుగారున్నారంట, జారిన మొహాలు బిగిస్తారంట. ఒకసారి చూపించుకోండి. ఫోటో మారడం కంటే మీరు మారడమే తేలికండీ.”

ఈ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే క్షమించవచ్చు. మనిషి ఫోటోకి సరిపోవాలి గాని ఫోటో మనిషికి సరిపోనక్కర్లేదని ఒక పెద్దమనిషి పట్టపగలు, గేటు ముందు, నలభై మంది వింటుండగా చెప్పాడు. యంత్రాలొచ్చి శ్రామికుల బరువు దింపుతాయని పుస్తకాలు రాసినవాళ్ళెవరూ ఆ గేటు ముందు నిలబడి ఉండరు.

మూడు వారాలు నరసమ్మ గేటు బయటే ఉండిపోయింది. ఆ మూడు వారాల్లో లోపల ఐసు బల్ల దగ్గర ఆడవాళ్ళ వేళ్ళు నీలం తిరిగాయి. అంతకుముందు చలికాలాల్లో అలా ఎప్పుడూ కాలేదు. నరసమ్మ నిలబడే వైపు ఐసు త్వరగా కరిగిపోతోందని ప్రసాదరావు విసుక్కునేవాడు గాని, ఆ వేడివల్లే తమ వేళ్ళు ఆడుతున్నాయని ఎవరూ అనుకోలేదు.

బల్ల దగ్గర ఆవిడ పక్కన నిలబడే ఉదయశ్రీ డిగ్రీ చదివింది. కంపెనీకి ఉత్తరం రాసింది. తిండి విరామంలో అందరి చేత సంతకాలు పెట్టించింది. ఐసులోంచి తీసిన వేళ్ళు కలం పట్టలేదు. పేరు రాయబోతే వంకర గీత వచ్చింది. ప్రసాదరావు కాగితం తిప్పి చూసి, పాత హాజరు రిజిస్టరు తీసి చూసి, వెనక్కిచ్చేశాడు.

“ఇవి మీ సంతకాలు కావమ్మా. సరిపోలడం లేదు.”

సోమవారం పొద్దున్నే నరసమ్మ కైకలూరు మీదుగా బస్సెక్కి ఏలూరు వెళ్ళింది. దారిలో చెరువు గట్ల మీద గూడబాతులు గడ్డం కింది సంచుల్ని వేలాడేసుకుని కూర్చున్నాయి. వాటినెవరూ ఫోటో చూపించమని అడగలేదు.

డాక్టరు మనోజ్ఞకి ముప్పై ఐదేళ్ళు ఉండవచ్చు. గేటు సంగతంతా విని, పాత కార్డు మీది ఫోటో ముందు పెట్టుకుని, మొహం కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

“నులక మంచం చూశారు కదండీ? తాళ్ళు బిగువుగా ఉంటే మంచం నిలబడుతుంది. చర్మం లోపల కూడా అలాంటి దారాలుంటాయి. వయసుతో పల్చబడతాయి. నెలసరి ఆగాక ఇంకా తొందరగా. ఎండైతే వాటిని తెంపేస్తుంది. మీరు ఒక్కసారిగా చిక్కిపోయారు కూడా. తెగిన తాళ్ళ మీద ఉన్న బరువు కాస్తా దిగిపోయింది, చర్మం అలాగే మిగిలిపోయింది. పొగ కూడా తెంపుతుంది. చుట్ట కాలుస్తారా?”

“మా నాన్న కాల్చేవాడండీ. నేను వెలిగించి ఇచ్చేదాన్ని.”

“అయితే ఆ పాపం మీది కాదులెండి.” డాక్టరు నవ్వింది. “క్రీములు రాస్తే చర్మం కాస్త నునుపవుతుంది, అంతే. ఎండలోకెళ్ళేటప్పుడు పూసుకునే మందు ఇంకా పాడవకుండా ఆపుతుంది గాని జారినదాన్ని పైకెత్తదు. దారాలు వేసి లాగుతారు, అది ఏడాదో కొంచెం ఎక్కువో నిలుస్తుంది. వేడి పెట్టి బిగించే మిషనుంది, కొద్దిగా జారినవాళ్ళకి పనిచేస్తుంది. చూద్దామా?”

మిషను కొస నరసమ్మ బుగ్గకి ఆనించింది. మిషను రెండుసార్లు కూసి ఆగిపోయింది. డాక్టరు కొసని ముట్టుకుని చటుక్కున చెయ్యి తీసేసింది.

“మీది కొల్లేరు వైపా?”

“అవునండీ.”

“అదే. ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఇది పనిచెయ్యదు. దీని వేడి మీ వేడి ముందు నిలవదు.” ఆవిడ మిషనుకి ఫ్యాను తిప్పింది. “ఇక ఆపరేషనే. ఎక్కువైన చర్మం కోసి తీసేస్తారు. మచ్చలుంటాయి, కోలుకోడానికి వారాలు పడుతుంది. అప్పుడైనా ఈ ఫోటోలో మొహం వస్తుందని నేను మాటివ్వలేను. ఎవరైనా ఇస్తే నమ్మకండి.”

“తీసేసిన చర్మంలో ఎండ?”

“అది చర్మంతోటే పోతుందండీ.”

“తీసింది నాకిచ్చేస్తారా?”

“ఇవ్వరండీ. కాల్చేస్తారు.”

నరసమ్మ గడ్డం కింది చర్మాన్ని వేళ్ళతో తడిమి చూసుకుంది. ఇరవై ఆరేళ్ళ ఎండ. అది పోతే సాయంత్రం గిన్నెలు కూడా రావు. ఆ గిన్నెల్ని ఆవిడ ఎన్నిసార్లు తిట్టుకుందో! కానీ అవి కూడా రాని అరుగు కళ్ళ ముందు కనపడింది.

“ఈ మొహంతో మీకేమైనా నొప్పి ఉందా?” అడిగింది డాక్టరు.

“లేదండీ. గేటుకే ఉంది నొప్పి.”

“అయితే గేటుకే వైద్యం చేయించండి.”

తిరుగు బస్సు షెడ్డు దగ్గర ఆగేసరికి తిండి విరామం. ఆడవాళ్ళు గేటు బయట వేపచెట్టు కింద క్యారేజీలు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ మూతలు తియ్యలేదు. వేళ్ళు వంగితే కదా తీసేది.

ఉదయశ్రీ పరిగెత్తుకుంటూ వచ్చింది. “పిన్నీ, ఏమన్నారు? బిగిస్తానన్నారా?”

“ఎందుకే బిగించడం! ఏదీ, నీ చేతులిలా తే.”

ఆ అమ్మాయి చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. నరసమ్మ వాటిని తన భుజం కింద వేలాడే మడతల్లో పెట్టుకుని మోచెయ్యి దగ్గరికి నొక్కింది. ఉదయశ్రీ కళ్ళు మూసుకుంది. కాసేపటికి వేళ్ళు ఒక్కొక్కటీ కదిలాయి.

“నన్ను రానివ్వవే,” అంటూ బల్లకి అవతల నిలబడే భాగ్యశ్రీ వచ్చి ఉదయశ్రీని పక్కకి తోసింది. ఆమె వెనక ఇంకొకరు. ఒకరు రెండో భుజం పట్టుకున్నారు. ఒకరు బుగ్గల కింద అరచేతులు పెట్టారు. ఒకామె మెడ చుట్టూ చేతులు వేసి అలాగే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం నరసమ్మకి మొదటిసారి తన వేడి తనకే తెలిసింది. అవతల చెయ్యి ఉంటేనే అది వెనక్కి వస్తుందని ఇన్నాళ్ళూ ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు.

ఉదయశ్రీ క్యారేజీ సంచిలోంచి మళ్ళీ కొత్తగా రాసిన కాగితం తీసి చదివింది. “శ్రమ మాది, ముఖం మాది! కళ్ళు లేని యంత్రాల రాజ్యం కూలిపోవాలి! కష్టజీవుల ముడతలే ఈ దేశ చరిత్ర...”

“ఇంత అరుపెందుకే తల్లీ,” అంది నరసమ్మ. “ఫోటో తియ్యమని రాయి, చాలు.”

“అరుపు ఉండాలి పిన్నీ.”

“సరే, ఒకటుంచు. మిగతావి కొట్టెయ్.”

వేళ్ళు మళ్ళీ చల్లారకముందే సంతకాలయ్యాయి. ముప్పై తొమ్మిది. ఒక్క గీతా వణకలేదు. నలభయ్యోది వెంకటనరసమ్మ పెట్టింది. సైరను మోగింది. ఎవరూ లేవలేదు. ప్రసాదరావే గేటు దాటి బయటికొచ్చి, నిలబడి కాగితం చదివాడు. రిజిస్టరు తెప్పించి ఒక్కో సంతకం పోల్చి చూశాడు. అన్నీ సరిపోయాయి. ఆయన జేబులోంచి కలం తీసి, ముట్టినట్టు సంతకం చేశాడు.

కాగితంలో మిగిలిందిది:

“శ్రమ మాది, ముఖం మాది. వెంకటనరసమ్మగారి ముఖం ఈ రోజు ఎలా ఉందో అలాగే కొత్త ఫోటో తీసి, ఆవిణ్ణి ఐసు బల్ల దగ్గర ఆవిడ చోట్లో నిలబెట్టాలి. అంతవరకు మేము గేటు బయట, ఆవిడ పక్కనే ఉంటాం. జవాబు మాకు 2026 జనవరి 10, శనివారం ఉదయం ఎనిమిది గంటల లోపు కావాలి.”