లాకుల దగ్గర దిగినామె

“ఈసారన్నా నీళ్లు చూసి వాడు మే,” అన్నాడు ఆసిఫా మొగుడు బాబావలి, హాల్లో అందరికీ వినబడేట్టు.

ఆసిఫా సింకు దగ్గర బిర్యానీ గిన్నెలు తోముతోంది. శుక్రవారం భోజనాలయ్యాయి. భర్త స్నేహితుడు ఫారూఖ్, అతని భార్య అనమ్ టీవీ ముందు కూర్చుని పోయిన వేసవి ఆసిఫావాళ్లు ఇంగ్లండు కాలువల్లో తిరిగిన పడవ వీడియో చూస్తున్నారు. సౌదీలో ఈ ఖోబర్ ఎండకు ఏసీ ఒకటే హోరు. కూతురు జబీ బెంగళూరుకు చదువుకని పోయినప్పటి నుంచీ అత్త ఉన్నా పగలంతా ఈ ఇంట్లో ఆసిఫాతో మాట్లాడేది ఆ ఏసీ ఒక్కటే.

“మా ఆసిఫమ్మి ఆ బోటును పొద్దుటూరు బావి అనుకున్యాదో ఏమో, బియ్యం కడిగి కడిగి ట్యాంకు ఖాళీ చేసిపెట్టె!”

అందరూ నవ్వారు. అత్త మదార్బీ అందరికంటే గట్టిగా నవ్వింది. ఆసిఫా కూడా నవ్వింది, పాడు అలవాటు. ట్యాంకు ఎండిందంటే ఎండదా? ఈయన ఖోబర్‌లో చేసినట్టే రెండు పూటలా తనివితీరా స్నానాలు చేసె. అత్త వజూకని కాళ్లూ చేతులూ కడగను కూర్చుంటే కుళాయి ధారగా పోవాల్సిందే. పెద్దావిడ, నమాజు విషయం, నోరెత్తితే పాపం. ఊరికి దూరంగా కాలువ మధ్యలో ట్యాంకు ఎండిపోతే గట్టు వెంబడి డబ్బాలు మోసుకుంటూ పోయి కుళాయి వెతికి తెచ్చిందెవరో మాత్రం ఈ కథలో ఎప్పుడూ రాదు.

ఆ పడవ నీళ్ల మీద రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. లోపల ఒకరు పోవాలంటే ఇంకొకరు గోడకు అంటుకోవాలి. వెనక చుక్కాని పట్టుకుని ఆయన దర్జాగా నిలబడేవాడు. ముందు కుర్చీలో అత్త బాతులకు రొట్టెముక్కలు వేసేది. మధ్యలో ఆసిఫా, పొయ్యి. కాలువ మట్టం మారేచోట పెద్ద తలుపులతో లాకు ఉంటుంది. అది వచ్చినప్పుడల్లా పొయ్యి ఆర్పి గట్టు మీదికి దూకాలి. ఇనుప పిడి తిప్పి నీళ్లు వదలాలి, ఆ మాను లాంటి దూలానికి వీపు ఆనించి తలుపు తోయాలి, మళ్ళీ పడవెక్కి పొయ్యి ముట్టించాలి. రాత్రి వీపు పట్టేసి పక్కకు తిరగలేకపోతే, “గాలి మారింది కదా, సరిపోతాదిలే,” అనేవాడు.

“ఆసిఫక్కా, నువ్వు యాడా కనపడవే?” అంది అనమ్.

“ఆ తలుపు వెనకాల ఉండాను,” అంది ఆసిఫా, చేతులు తుడుచుకుంటూ వచ్చి. వీడియోలో లాకు తలుపు దానంతట అదే తెరుచుకున్నట్టుంది.

అయినా ఆ లాకులే ఆమెకు ఇష్టం. నీళ్లు దిగేకొద్దీ పడవ, మొగుడు, అత్త, ఎసరు అన్నీ కిందికి పోయేవి. గట్టు మీద తనొక్కతే మిగిలేది. నీళ్లు సర్దుకునేదాకా ఆమెతో ఎవరికీ పనుండదు. ఒకరోజు కుక్కను తిప్పుతున్న ఒక తెల్ల ముసలావిడ ఆగి, “ఒంటరిగానే వచ్చావా?” అని అడిగింది. ఆసిఫా తడుముకోకుండా “అవును” అంది. ఆవిడ వెళ్ళిపోయాక గానీ తనేమందో తెలియలేదు. తెలిశాక ఏడుపొచ్చింది. పెళ్ళయ్యాక అంత నిజం తను ఎవరితోనూ చెప్పలేదు.

“ఈ ఏడు పెద్ద బోటు మాట్లాడినా. ఫారూఖ్ భాయ్, మీరూ వస్తాండారు,” అంటున్నాడు బాబావలి. “ఆసిఫా ఉండాది కదా, వంటకేం దిగుల్లేదు. మా ముగ్గురికీ ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా ఇప్పుడే ఫోన్లో తీసేస్తా.” ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

ఆసిఫా ఆయన వేలు వైపు చూసింది. ఈ దేశం దాటాలంటే ఆ వేలు ఆ ఫోను మీద నొక్కాలి. ఇన్నేళ్లుగా ఆ సంగతే గుండెల మీద బండలా ఉంది. దాటకుండా ఇక్కడే ఉండిపోవడానికి మాత్రం ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేదని ఇప్పుడే తట్టింది.

“నాకు తీయొద్దండీ. నేను రాను.”

బాబావలి నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

మదార్బీ నోరు నొక్కుకుంది. “ఈ ఎండల్లో, ఇంత ఇంట్లో, ఒక్కదానివే ఎట్ల ఉంటావు మే?”

“అలవాటే అత్తా,” అంది ఆసిఫా.