ఇరవై అడుగుల దూరం నుంచి హారతి

నేను ఒక గడ్డి కోసే మిషన్ని. కడుపునిండా పెట్రోలు పోస్తే, పామాయిల్ తోటలో నడుం లోతు గడ్డిని కూడా నేలమట్టం చేస్తాను. నన్ను కోయంబత్తూరు వైపు ఒక షెడ్డులో బిగించారు. మొదటి యజమాని నాతో రెండేళ్లు తోటలు కోయించి, పెట్రోలు పైపు పగిలాక "బంగారంలాంటి మిషను" అంటూ పోశిబాబుకి అంటగట్టాడు. మనుషులు వదిలించుకునే వస్తువుని పొగిడినంతగా, వాడుకునే వస్తువుని పొగడరు.

పైపులోంచి పెట్రోలు చుక్కచుక్కగా కారేది. పైపు మార్పించమని, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి గాలాడే చోట పెట్టమని మెకానిక్ చెప్పాడు. పోశిబాబు మూడుసార్లు తలూపి, నన్ను తెచ్చి ఇంట్లో పెట్టాడు. పశువుల పాకలో ఉంటే దొంగలు ఎత్తుకుపోతారట. కారేది వృథా కాకుండా నా కింద సత్తు గిన్నె పెట్టాడు. నాలుగడుగుల అవతల చీర ఉయ్యాలలో ఆయన తొమ్మిది నెలల కూతురు.

"పిల్ల ఒళ్లంతా పెట్రోలు కంపండీ," అంది భార్య మంగతాయారు.

"మంచిదేగా, దోమలు రావు," అన్నాడాయన.

దసరాకి ఆయుధపూజ పెట్టాడు. నాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాడు. గిన్నె తియ్యలేదు సరికదా, దానికీ ఒక బొట్టు పెట్టాడు. వసారాలో కర్పూరం వెలిగించుకుని, పళ్లెంతో లోపలికి బయల్దేరాడు.

మంగతాయారు గబుక్కున పాపని ఎత్తుకుని, ఆయన పక్కనుంచి దాటి వాకిట్లో నిలబడింది.

"ఇప్పుడిచ్చుకోండి. పిల్ల నాది, మిషను మీది."

పోశిబాబు గడప మీద ఆగిపోయాడు. ఖాళీ ఉయ్యాలని చూశాడు. గిన్నెని మొదటిసారి సరిగ్గా చూశాడు. నిండా ఉంది. హారతి ఊదితే అపచారం, అడుగేస్తే ఇల్లే హారతి. పళ్లెం చేతిలో కాలుతోంది. వెనక్కి వెనక్కి నడిచి, వాకిలి చివర నిలబడి, ఇరవై అడుగుల దూరం నుంచి నాకు హారతి తిప్పాడు.

"ఇంత దూరాన్నుంచి చేరుద్దంటావా?"

"అమ్మోరికి దూరమేంటండీ? దూరం కావాల్సింది పెట్రోలుకి."

మర్నాడే కొత్త పైపు పడింది. పావుగంట పని. నాకు బొట్లు పెట్టడానికే అంతకంటే ఎక్కువసేపు పట్టింది. ఇప్పుడు ఖాళీ ట్యాంకుతో పాకలో ఉంటున్నాను. ఏ దొంగా ఇంతవరకూ కన్నెత్తి చూడలేదు. కాస్త చిన్నతనంగానే ఉంది.

పోశిబాబు మాత్రం వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు: "పెట్రోలు మిషను ఇంట్లో పెట్టకూడదండీ. మా ఆవిడకి మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా."

మంగతాయారు పాపకి ఉగ్గు పెడుతూ వింటుంది. మిషన్లకి నవ్వడం రాదు కాబట్టి, నేనూ వింటాను.