రాసింది నేనే

పచ్చడికి శనక్కాయలు వేయిస్తూ అనురాధ ఒక చేత్తో గరిటె తిప్పుతోంది, ఇంకో చేత్తో ఫోను చూస్తోంది. ఇంటి నుంచే ఆమె పనిచేసే కంపెనీ వెబ్ పేజీలు తయారుచేయడానికి వాడే ఫ్రేంవర్క్‌కి ముందురోజు సాయంత్రమే కొత్త వెర్షన్ వచ్చింది. పాత పద్ధతులు సగం తీసేశారు. తెల్లారేసరికి డెవలపర్ల గ్రూపంతా ఒకటే గగ్గోలు. ఐదేళ్ళు నేర్చుకున్నదంతా పోయిందని ఒకడు. మళ్ళీ అఆల నుంచి ఎవడు దిద్దుతాడని ఇంకొకడు. "ఈ ఉద్యోగం మానేసి హాయిగా గొర్రెలు కాసుకుంటా" అని మరొకడు రాస్తే, కింద వందమంది నవ్వారు.

అనురాధకు నవ్వు రాలేదు. గిద్దలూరు పక్క పల్లెలో ఆమె నాయన బాలయ్య నలభై ఏళ్ళుగా గొర్రెలే కాస్తున్నాడు. అందులో హాయి ఎంతుందో ఆయన మడమల పగుళ్ళు చూస్తే తెలుస్తుంది. అయినా రెండు వారాలు కూర్చుంటే వచ్చే చదువుకి ఇంత ఏడుపేమిటి? నాలుగేళ్ళ కింద పెళ్ళయి మార్కాపురంలో ఈ ఇంటికి వచ్చినప్పుడు తను ఒక్క రోజులో ఎన్ని నేర్చుకోలేదు! అత్తకు పొద్దున ఎన్నింటికి వేణ్ణీళ్ళు కావాలో, మొగుడి ముందు ఏ మాట ఎప్పుడు ఎత్తకూడదో, నిద్ర వస్తున్నా రానట్టు ఎలా నిలబడాలో. ఏం మారిందో, ఎందుకు మారిందో ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. తప్పు చేసినప్పుడు మాత్రం "మీ అమ్మ ఇదేనా నేర్పింది?" అన్నారు.

గ్రూపులో ఇంకాస్త కిందికి జరిపేసరికి, వాళ్ళ టీం లీడర్ నరేంద్ర పెట్టిన వ్యాసం కనిపించింది. కొత్త వెర్షన్‌లో తానే ఒక లోపం కనిపెట్టానని, దానికి మందూ తానే వెతికానని రాశాడు. మొదటి వాక్యం చదవగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. అవి తన తొమ్మిది పేజీలు. వెర్షన్ ఇంకా పరీక్షలో ఉండగానే, మూడు వారాలు, మధ్యాహ్నాలు అత్త పడుకున్నాక కూర్చుని రాసి అతనికి పంపినవి. కామాలతో సహా అలాగే ఉన్నాయి. పైన మాత్రం నరేంద్ర పేరు, ఫోటో.

"ఆ పోన్లో ఏముందే తల్లీ, శెనక్కాయలు మాడిపోయినయ్!" అంటూ అత్త సుబ్బులమ్మ వచ్చి పొయ్యి ఆపింది.

టిఫిను పెడుతూ రమణతో చెప్పింది. అతను పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. దోసె తుంచుకుంటూ విన్నాడు.

"ఎవుని పేరుంటే ఏందిలే అనూ. జీతం వస్తాంది గదా."

"బావా, నువ్వు కోయించిన పలకల మీద ఇంకొకడు ముద్ర కొట్టుకుంటే ఊరకుంటావా?"

"అది పని. ఇది ఇంట్లో కూచొని టైపు కొట్టేదే గదా. ఈరోజు అక్కోళ్ళ అత్తామామలు కంభం నుంచి వస్తాండారు, నేనూ సెలవు పెట్టినా. ఆ మీటింగులూ అవీ పెట్టుకోవాక."

ఆమె నరేంద్రకి ఫోన్ చేసింది. అతను కోపపడలేదు, అదే ఆమెను ఎక్కువ మండించింది. "టీం తరఫున పెట్టానమ్మా. నువ్వు మీటింగుల్లో మాట్లాడవు, కెమెరా పెట్టవు. నీ పేరు పెడితే ఎవరు గుర్తుపడతారు చెప్పు?" అన్నాడు. అతను అన్నది నిజమే. ఇంటి కోడలు నలుగురు మొగవాళ్ళ ముందు కనబడుతూ మాట్లాడితే బాగుండదన్నది అత్త. సరేలే అన్నది తనే.

పదకొండుకి కంపెనీ మొత్తానికీ మీటింగు. రోజూ కూర్చునే బియ్యం మూటల గదిలోంచి అనురాధ లాప్‌టాప్ తీసుకుని ముందుగదిలోకి వచ్చి, కిటికీ పక్కన కూర్చుంది. కెమెరా పెట్టింది. నలభైమంది మధ్య తన ముఖం తనకే కొత్తగా కనిపించింది.

నరేంద్ర ఆమె పేజీలే చదివి వినిపించాడు. ఆ తర్వాత కంపెనీ నడిపే వందన మేడం ఒక ప్రశ్న వేసింది. "పిల్లలు మన వెబ్ పేజీల్లో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతుంటే సిగ్నల్ పోయి వస్తే, రాసిందంతా చెరిగిపోతోందన్నారు. ఎక్కడ పరీక్షించారు?"

"అంటే... ల్యాబ్‌లో, ఆ పరిస్థితి తయారుచేసి..." అని నీళ్ళు నమిలాడు నరేంద్ర.

"ల్యాబ్‌లో కాదు మేడం," అంది అనురాధ. "పెద్దదోర్నాల దాటాక శ్రీశైలం అడవి దారిలో, బస్సులో. మా అత్తతో గుడికి పోతూ పాత ఫోనులో పదకొండుసార్లు నింపి చూశాను. మన వెబ్ పేజీలన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. వాటిలో మూడు మారిస్తే చాలు. ఆ తొమ్మిది పేజీల వ్యాసం రాసింది నేనే."

అప్పుడే సుబ్బులమ్మ గుమ్మంలోకి వచ్చింది. "అనూ, వాళ్ళు బస్టాండులో దిగినారంట. కూర ఇంకా తరగనే లేదు, లెయ్!"

నలభైమందికీ వినబడింది. అనురాధ గొంతు తగ్గించలేదు, మైకు ఆపలేదు. "పనిలో ఉండా అత్తా. కూర నీ కొడుకును తరగమను." ఇటు తిరిగి, "ఆ మూడు పేజీలు ఏవంటే మేడం..." అని మొదలుపెట్టింది. అరగంట మాట్లాడింది. సుబ్బులమ్మ అరిచే మాట మరిచిపోయి గోడకానుకుని నిలబడిపోయింది.

మీటింగు అయ్యాక నరేంద్ర తన వ్యాసం కింద ఒక వరుస చేర్చాడు, "సహాయం: అనురాధ" అని. ఆమె అక్కడే, అందరూ చదివేచోటే, జవాబు రాసింది: "సహాయం కాదు సార్, రచన. సరిచేయండి." సాయంత్రానికి సరిచేశాడు.

చుట్టాలు తిని కంభం బస్సెక్కాక రమణ బుసలు కొట్టాడు. "కూర తరగమన్యావంట నన్ను! నలభైమంది ఇన్నారంట! మా అక్క అత్త ముందర పరువేమైనా మిగిల్చినావా?"

"తరిగినావు గదా బావా. బాగనే తరిగినావు."

"మళ్ళా ఆ కెమెరా ముందర కూచుంటే చూడు."

సుబ్బులమ్మ తమలపాకు చుట్టుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా అడిగింది. "అంతమందీ నోరు మూసుకొని నీ మాటే ఇన్నారేందే?"

"ఇన్నారత్తా."

అనురాధ బియ్యం మూటల గదిలోకి వెళ్ళి, గోడకి ఆనించిన చెక్కబల్లను గుమ్మందాకా ఈడ్చుకొచ్చింది. అది ముందుగది కిటికీ దగ్గరికి రావాలంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ రమణ పక్కకు జరగాలి. అతను జరగలేదు.

"రేపట్నుంచి నా పని ఈ ముందుగదిలోనే," అంది ఆమె. "అట్లనే నిలబడతావా, ఆ చివర పట్టుకుంటావా?"