నిప్పు పట్టని పీచు

రైతు సమాధానం తుపాకీ ఒక్క పందినీ చంపి ఎరగదు. అది తండ్రి నాటి మందు తుపాకీ, పైరు కాపలాకి లైసెన్సున్నది. గొట్టంలో మందు పోసి, పైన పీచు కుక్కి, కడ్డీతో దట్టించి పేల్చడమే. గుండ్లు వేయడు. ఆ మోతకే సరుగుడు తోపులోంచి వచ్చిన అడవిపందులు వచ్చిన దారి పడతాయి. పీచు బిగువుగా లేకపోతే మాత్రం తుస్సుమని పొగ వస్తుంది, అంతే. దానికి పిల్లి కూడా బెదరదు.

ఆ పీచే కొంప ముంచింది. తండ్రి కొబ్బరి పీచు వాడాడు గనక కొడుకూ కొబ్బరి పీచే వాడాడు. తండ్రి కాలంలో వాకాడు దగ్గర ఆ చేలన్నీ వరి. కాలుతూ ఎగిరిన పీచు నీళ్లమడిలో పడి సుయ్యిమని ఆరిపోయేది. ఇప్పుడు నీళ్లు చాలక అవే చేలల్లో వేరుశనగ. పోయిన వేసవిలో ఆ పీచు గట్టు దాటి పక్క చేను హజరత్తయ్య గడ్డివామి మీద పడింది. గేదెల ఏడాది మేత కళ్లముందే బూడిదైంది. తన గడ్డి సగం ఇస్తానని సమాధానం ఎంత బతిమాలినా ఆయన తీసుకోలేదు. ఒకే బోరు నీళ్లు పంచుకునే ఇద్దరూ ఆనాటి నుంచి ఉప్పూ నిప్పూ అయ్యారు.

ఈసారి కాయ ఊరే వేళకి పందులు దిగాయి. సమాధానం ఫోనులో పులి గాండ్రింపు పట్టి మైకులో వినిపించాడు. వారం తిరక్కుండానే పందులు ఆ పులి పక్కనే మేశాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే తవ్వుకోవడానికి కాయ మిగలదు. తుపాకీ తీద్దామంటే, హజరత్తయ్య గట్టు మీద నిలబడి తెగేసి చెప్పాడు.

"మళ్లా అది మోగిందంటే నేను స్టేషనుకి పోతా. తర్వాత నన్ననుకోవద్దు."

ఆయన మాటలో తప్పు లేదు. సమాధానానికి బాధంతా అక్కడే.

నిప్పు పట్టని పీచు కోసం వేట మొదలుపెట్టాడు. ఉప్పుకాలువ ఒడ్డున బురద మీదికి పేల్చడం, పడినదాని వెంట పరుగెత్తడం. పాత పంచె పీలికలు పడ్డచోట కుంపట్లా రాజుకుంటూనే ఉన్నాయి. న్యూస్ పేపరు మిణుగురుల్లా చెదిరింది. గుడ్డ తడిపి కూరితే మందు చెమ్మగిల్లి తుపాకీ అసలు పేలనే లేదు. మసి మొహంతో ఇల్లు చేరిన మొగుణ్ణి చూసి పుష్పకుమారి నడుం మీద చేయి పెట్టుకుంది.

"మీ నాయన కొబ్బరి పీచు పెట్టినాడు, మీ నాయన కొబ్బరి పీచు పెట్టినాడు అని ఇన్నాళ్లూ ఊదరగొడితివి. ఆయన నేతులు తాగితే ఇప్పుడు నీ మూతి వాసన చూసేదెవరయ్యా?"

అని ఊరుకోకుండా, వసారా చూరుకి పట్టిన కందిరీగల గూడు మీదికి తిరిగింది. ఉదయమే ప్రార్థనకి వచ్చిన పాస్టరుగారి మెడ మీద కుట్టాయట. కర్రకి గుడ్డ చుట్టి అంటించి గూడు కింద పెట్టింది. ఈగలు లేచిపోయాయి. గూడు మాత్రం నల్లబడింది గానీ రాజుకోలేదు.

"ఇదేంది, పేపరు మాదిరే ఉండాది, అంటుకోదే?" అంది పుష్పకుమారి.

సమాధానం ఆ గూటిని లాక్కున్నాడు. వేళ్లతో నలిపితే మెత్తగా ఉండలా కుదురుకుంది. అన్నం కూడా తినకుండా కాలువకి పరుగెత్తాడు. తుపాకీ ఢామ్మంది. బురద మీద పడిన నల్లటి ముక్కల్ని పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. సంతోషం పట్టలేక ఒక్కడే పెద్దగా నవ్వుకున్నాడు.

మిగిలిన ముక్క ఒక్కసారికే వస్తుంది. దాన్ని పట్టుకుని నేరుగా హజరత్తయ్య చేనికి వెళ్లాడు. గట్టు మీద ఎండుగడ్డి పరిచి, పక్కన బకెట్టుతో నీళ్లు పెట్టాడు.

"అన్నా, ఒక్కసారి చూడు. ఇది కందిరీగల గూడు. అంటుకుందా, తుపాకీ నేనే తీస్కపోయి స్టేషన్లో ఇచ్చేస్తా."

అన్నాక గానీ ఏం అన్నాడో తెలియలేదు. తండ్రి తుపాకీ. ఆ గడ్డి మీదికే పేల్చాడు. ముక్కలు గడ్డి మీద రాలాయి. హజరత్తయ్య దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. గడ్డిలోకి చేయి దూర్చి తడిమాడు, వాసన చూశాడు, బీడీ తాగేంత సేపు అలాగే కూర్చున్నాడు. పొగ లేవలేదు. ఆయన లేచి పంచె దులుపుకుని ఇంటిదారి పట్టాడు.

సమాధానం ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. వామి పోయినవాడికి రుజువులు చాలవేమో అనుకున్నాడు.

మరునాడు ఉదయం వాకిట్లో ఎవరో దగ్గారు. పుష్పకుమారి తలుపు తీసి కెవ్వుమంది. హజరత్తయ్య! ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, పెదవి బూరెలా ఉబ్బి ఉంది. చేతిలో తువ్వాలు మూట.

"అన్నా, ఆ మొగం ఏంది?" అన్నాడు సమాధానం.

"కొట్టంలో గూళ్లు పెరికినా. అవి ఊరికే ఇస్తాయా?" మూట విప్పి అరుగు మీద పోశాడు. ఒకటా రెండా, ఒడి నిండే గూళ్లు. "పందులు దిగేది నా కొత్త వామి పక్కనించే. ఆడ నిలబడే కాల్చు."

సమాధానం చేతులు జోడించి ఏదో అనబోయాడు. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"ముందు సున్నం తెమ్మను. మంట భరించలేకుండా ఉండా."

పుష్పకుమారి లోపలికి పరుగెత్తింది. సమాధానం ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, గూళ్లలో మందం చూసి ఒక్కొక్కటే ఏరసాగాడు. పక్కనే హజరత్తయ్య కూడా, ఉన్న ఒంటికంటితోనే, ఏరడం మొదలుపెట్టాడు.