మట్టి అంటని ఎర్ర సంచి

నేను ఒక వీపు సంచిని. నీలం రంగు, దళసరి గుడ్డ. విజయనగరం బజారులో హైమవతిగారు నన్నూ, ఎర్ర సంచినీ ఒకేసారి కొన్నారు. నేను ఆవిడ భర్త విశ్వపతి మాస్టారికి, అది ఆవిడకి. వేసవి సెలవుల్లో అండమాన్‌లో ఓ కొండ ఎక్కాలని ఆవిడ కోరిక. సెలవులు వచ్చాయి. అప్పటికి ఆవిడ లేరు.

మాస్టారు ఒక్కరే బయలుదేరారు, సంచులు మాత్రం రెండూ తెచ్చారు. అటుకులు, గిన్నె, తడిబట్టలు, చెమట కంపు నా పాలు. ఎర్రది ఆయన గుండెల మీద, చంటిపిల్లలా. అడవిలో జలగలు నా పట్టీల మీదుగా పాకి ఆయన మెడను పట్టుకున్నాయి. వానకు నేను నానిపోయాను. దానికి మాత్రం ఆయన గొడుగు అడ్డుపెట్టారు. మనుషుల న్యాయం ఇంతే. మోసేదానికి మోత, ఊరికే ఉన్నదానికి ముద్దు.

దారిలో సముద్రపు పాయ అడ్డొచ్చింది. పోటుకు నీరు నడుం దాకా పెరిగింది. దారి చూపే కూర్మయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ దీవిలో స్థిరపడ్డవాడు.

“రెండూ ఏసుకుంటే కాలు జారిపోద్ది మేస్టారూ. ఆ ఎర్రది గట్టుమీద ఒగ్గీండి. అందులో ఏటీ ఉన్నట్టు నేదు.”

నా ప్రాణం లేచొచ్చింది. మాస్టారు నన్నే దింపి గట్టున పెట్టారు.

“తిండి ఒగ్గేసి ఒట్టి సంచి మోస్తారేటండి? బాగుంది మీ సదువు” అంటూ కూర్మయ్య నన్ను నెత్తికెత్తుకున్నాడు. అలా పరాయివాడి నెత్తిన పాయ దాటాను.

కొండ కొనకు చేరేసరికి మబ్బు విడిపోయింది. కింద సముద్రం రెండు రంగుల్లో పరుచుకుంది. ఆ గాలికి నా తడి కూడా ఆరసాగింది. మాస్టారు ఎర్రదాన్ని తెరిచారు. లోపల హైమవతిగారి బూట్లు. ఈ కొండ కోసం కొని, ఒక్కసారైనా తొడగనివి. ఆయన వాటిలో చేతులు దూర్చి, మోకాళ్ల మీద వంగి, ఆ బురదలో మెల్లగా నడిపించారు. కుడి, ఎడమ, మళ్లీ కుడి. అంచున ఆగారు.

“ఎక్కావు కదా” అన్నారు.

కూర్మయ్య తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

బూట్లు ఎర్రదానిలో పెట్టబోయి మాస్టారు ఆగారు. వాటి నిండా బురద. బురద అంటినవన్నీ నాలో పెట్టడమే ఆయన అలవాటు. నాలోనే పెట్టారు.

ఇప్పుడు ఆయన గదిలో మేమిద్దరం పక్కపక్క మేకులకు వేలాడుతున్నాం. ఎర్రది కొన్ననాటిలాగే ఉంది. నన్ను ఆయన ఉతకలేదు. బడి నుంచి రాగానే నాలో చెయ్యిపెట్టి, ఎండిన మట్టి రాలకుండా ఆ బూట్లను తడిమి, జిప్పు వేస్తారు. ఎర్రది చూస్తూ ఉంటుంది. ఆ చూపు నాకు తెలుసు. కొండ దారి పొడుగునా నేను దాన్ని చూసిన చూపే అది.