రెండో అంకెకీ మూడో అంకెకీ మధ్య

నాకు ముక్కుమీద కోపం అంటారు. అననివ్వండి. పొద్దున రేకులు వంచే ప్రెస్సు మా ఆయన కుడిచేతిని మణికట్టు దాకా నమిలేసింది. అదే హాల్లో రేకులు కోస్తున్నదాన్ని, పరిగెత్తుకెళ్ళి ఆ రక్తంలోనే కాలుజారి పడ్డాను. ఆయన అరవను కూడా అరవలేదు. "నా చెయ్యేదే?" అని నన్నడిగాడు.

ఆయనతోపాటు ఆస్పత్రి బండి ఎక్కబోతుంటే మేనేజరు గొంతు వినబడింది. "ప్రెస్సు మీద బరువు ఉన్నట్టుండి పెరిగితే కంప్యూటరే ఆపేస్తుంది. ఆపలేదంటే బరువు పెరగలేదనే. ఆయనే కునుకు తీసుంటాడు." అంతటితో ఊరుకున్నాడా! అక్కడే పనిచేసే మా తమ్ముణ్ణి మధ్యాహ్నం ఆ ప్రెస్సు దగ్గర నిలబెడతానన్నాడు. బండిలోంచి మా ఆయన, "నా సంగతి సరే, ముందు వాణ్ణి చూడు" అన్నాడు.

ప్రెస్సుని ఆపాల్సిన ఆ కంప్యూటరు ప్రోగ్రాము రాసింది పరాయివాడు కాదు, మా మరిదే. బండి ఎక్కడం మానేసి, ఫ్యాక్టరీ పై గదిలోకెళ్ళి వాడి కాలరు పట్టుకుని కుర్చీలోంచి లేపాను. బల్లమీది గ్లాసు పడి పగిలింది.

"వదులు వదినా! అన్నయ్య మీద నాకు మాత్రం ప్రేమ లేదా? లెక్క సరిగ్గానే ఉంది."

"అయితే చదువు. గట్టిగా."

పొద్దున ప్రెస్సు మీద పడ్డ బరువుల అంకెలు తెరమీద ఉంటే, ఏడుస్తూనే చదివాడు. నలభై, నలభైరెండు, తొంభై, తొంభైఒకటి. "ఈ వరసని జావాస్క్రిప్టులో, అదే ప్రోగ్రాములు రాసే భాషలో, జతలుగా విడదీశాను. జతలో తేడా ఎక్కువుంటే ప్రెస్సు ఆగాలి. నలభైకీ నలభైరెండుకీ రెండే తేడా. తొంభైకీ తొంభైఒకటికీ ఒకటే. ఇంక ఎక్కడ..."

వాడి వేలు తెరమీద రెండో అంకె దగ్గర ఆగిపోయింది.

"నలభైరెండుకీ తొంభైకీ?" అన్నాను.

"ఆ జతే లేదు వదినా. జత అయ్యాక రెండడుగులు దూకించాను. ఒక్కటే వెయ్యాల్సింది. మధ్యలో అంకె ఏదైనా ముందుదానితో ఒకసారి, తర్వాతదానితో ఒకసారి జతకట్టాలి. ఒకసారి చూసిన అంకెని మళ్ళీ చూడ్డం దేనికనుకున్నా."

వీడింతే. ఇంటికి తాళం వేసి ఒకసారి లాగి చూడరా అంటే, "వేశాగా వదినా, మళ్ళీ ఎందుకు?" అంటాడు. మేం నవ్వుకునేవాళ్ళం కూడా. ఆ చెంపా ఈ చెంపా వాయించాను.

అంతలో, మధ్యాహ్నం కాకముందే, కిందనుంచి ప్రెస్సు రొద మొదలైంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. మెట్లమీద పడుతూ లేస్తూ దిగాను. గుమ్మంలో మేనేజరు చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాడు. నుదుటితో వాడి ముక్కుమీద కుమ్మాను. పటుక్కుమంది. వాడు నా జుట్టు దొరకబుచ్చుకుంటే మణికట్టు కొరికి విదిలించుకున్నాను. నోరంతా ఉప్పగా రక్తం. తమ్ముడి చేతులు రేకుతో సహా ప్రెస్సు కిందున్నాయి. గోడకున్న సమ్మెట అందుకుని కరెంటు డబ్బా మీద ఒక్కటేశాను. నిప్పురవ్వలు మొహాన పడ్డాయి. ఇంకోటి వేశాను. వాడి చేతులకి జానెడు ఎత్తులో ప్రెస్సు ఆగింది.

మేనేజరు ఇనపకడ్డీ ఎత్తి నామీదికొచ్చాడు. నా వెనకే దిగొచ్చిన మరిది అడ్డం పడ్డాడు. ఆ దెబ్బ వాడి భుజాన పడి ఎముక విరిగింది. కిందపడి కూడా హాలంతా వినబడేలా అరిచాడు: "అన్నయ్య నిద్రపోలేదు! తప్పు నాది!"

కొన్నాళ్ళకి, ప్రెస్సు మళ్ళీ మొదలయ్యే రోజున మా ఆయనా వచ్చాడు, మొండి చేతికి కట్టుతో. కొత్త లెక్క ఎలా పనిచేస్తుందో చూపిస్తానని మరిది అందర్నీ వరసగా నిలబెట్టాడు. "ఒక్కొక్కరూ ఒక్కో అంకె అనుకోండి. రెండుపక్కలవాళ్ళ చేతులూ పట్టుకోండి. ఎక్కడా సందు ఉండకూడదు" అన్నాడు. మా ఆయన ఎడంచెయ్యి నేను పట్టుకున్నాను. ఆయన కుడిపక్కకి మరిది వచ్చి, దెబ్బ తగలని చెయ్యి అలవాటుగా చాపాడు.

పట్టుకోడానికి అక్కడ చెయ్యి లేదు.

వాడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. మా ఆయనే మోచెయ్యి ముందుకు పెట్టి, "పట్టుకోరా, నొప్పేం లేదులే" అన్నాడు. వాడు పట్టుకున్నాడు. సరిగ్గా పట్టుకున్నానా అని తలదించి చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు.