హెల్మెట్‌కి చెప్పిన సినిమాలు

సినిమాకి వెళ్లే సెలవు రోజు ఆమెకి పని హెల్మెట్‌తో మొదలవుతుంది. భర్త హెల్మెట్ లోపలి మెత్త చెమటకి కంపు కొడుతుంది. దాన్ని ఊడదీసి, సబ్బునీళ్లలో పిసికి, కిటికీ ఊచకి తగిలించి, ఆరాక మళ్లీ లోపల సర్దాలి. చెవుల దగ్గర కాస్త వదులుగా పెడుతుంది. బిగుతైతే ఆయనకి ఆమె మాట వినపడదు. మాట వినపడకపోతే రివ్యూ లేదు.

ఆయన సినిమాల మీద వీడియోలు చేస్తాడు. చూసేవాళ్లు ఆయన్ని బావగారు అంటారు. పగలంతా ఫోన్లు అమ్మే కొట్లో కౌంటర్ వెనక నిలబడే మనిషి, సాయంత్రం గోడకి ఎర్ర దుప్పటి కట్టి దాని ముందు కూర్చోగానే బావగారైపోతాడు. దెయ్యాల సినిమా, ప్రేమ సినిమా, కొట్లాటల సినిమా, నవ్వుల సినిమా, ఏది వచ్చినా వదలడు. అయితే ఆయనకో జబ్బుంది. ఇంటర్వెల్లో తిన్నది కడుపులో పడగానే కళ్లు మూతపడతాయి. ఏ సినిమాలోనూ రెండో సగం చూసి ఎరగడు. చూసేది ఆమె. తిరిగొచ్చేటప్పుడు బండి వెనక కూర్చుని, హెల్మెట్‌లో ఆయన చెవి ఎక్కడుంటుందో అక్కడికి నోరు ఆనించి, రద్దీలో, ఎర్రలైట్ల దగ్గర, ఇల్లు చేరేలోపు కథంతా ఒప్పజెప్పాలి.

"మొహం చూస్తూ చెప్తే సాగదీస్తావు. ఇలాగే చెప్పు," అని ఆయనే పెట్టిన పద్ధతి. మొదట్లో ఆమెకది ముద్దుగానే ఉండేది. ఇంట్లో ఆమె రెండో మాట ఎత్తేలోపు ఆయన లేచి వెళ్లిపోతాడు. బండి మీద లేచి వెళ్లడానికి లేదు. అందుకని సినిమా కథతోపాటు తనకి తోచింది కూడా కలిపి చెప్పడం అలవాటైంది.

కొట్లాటల సినిమా చూసొచ్చిన రోజు అంది: "ఊరందరినీ నరికి ఇంటికొచ్చాడండీ. చొక్కా నిండా నెత్తురు. తెల్లారేసరికి అదే చొక్కా తళతళా మెరుస్తోంది. ఎవరుతికారో చూపించలేదు." పాత బట్టలు సరిచేసే కొట్లో మిషన్ మీద పని ఆమెది. నెత్తుటి మరక ఎంత మొండిదో ఆమె వేళ్లకి తెలుసు. ప్రేమ సినిమాకి, "ఆ పిల్ల వద్దన్నప్పుడల్లా హాల్లో ఈలలేశారు. ఊ అన్నప్పుడు మాత్రం చెవులు రిక్కించి విన్నారు," అంది. దెయ్యం సినిమాకైతే, "నాకు భయం వేయలేదండీ, జాలేసింది. అందరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది, ఎవరికీ కనపడదు. ఏదైనా పగిలితే తప్ప అదొకటి ఇంట్లో ఉందని గుర్తురాదు," అంది.

ఆ సాయంత్రం ఎర్ర దుప్పటి ముందు ఆయన పొల్లు పోకుండా అదే మాట అన్నాడు. ఎదురుగా వీడియోకి వెలుగిచ్చే దీపం ఎత్తి పట్టుకుని నిలబడింది ఆమె. వీడియో కింద జనం, "ఏం చెప్పావు బావా, దెయ్యం మనసు కూడా నీకే తెలిసింది" అని రాశారు. ఆయన వాటిని పైకి చదివి తల్లికి వినిపించాడు.

"వాడికి చిన్నప్పట్నుంచీ అంతే. ఒకళ్ల బాధ చూడలేడు," అంది అత్తగారు.

ఆమె దీపం మడిచి మూల పెట్టి గిన్నెల దగ్గరికి వెళ్లింది. ఆ మాట తన గొంతులోంచి వచ్చింది. తన సంగతే అది. ఆయన నోట్లో పడి తిరిగొచ్చేసరికి అందులో తను లేదు. ఇల్లాలు హెల్మెట్‌కి నోరు ఆనించి నేను మీకు కనపడటం లేదని చెబితే, ఎంత బాగా చెప్పిందీ అనుకుని, దాన్ని తీసుకెళ్లి ఊరందరికీ పంచాడు. పంచుతున్నప్పుడు ఎదురుగా ఉన్నది ఆమే. ఆమె పట్టుకున్న వెలుగులోనే పంచాడు.

దెబ్బ పడింది కూడా ఆ దీపం దగ్గరే. పోయిన నెల ఆమె పనిచేసే కొట్లో పిల్లలు బడికి వేసుకెళ్లే చొక్కాలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. రోజంతా కాలరు తర్వాత కాలరు కుట్టి భుజాలు పట్టేశాయి. ఆయన మాంచి ఊపు మీద మాట్లాడుతుండగా చెయ్యి వాలింది. ఆయన మొహం మీద నీడ పడింది. లేచి వచ్చి చెంప మీద కొట్టి, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఫోన్ అన్నీ తీస్తూనే ఉంది. పక్క గదిలో అత్తగారు టీవీ చప్పుడు పెంచింది.

"దీపం వంకరపోతే ఎవరికైనా ఒళ్లు మండదా అమ్మాయ్? పిల్లా జెల్లా లేని ఇల్లు, ఆ ఒక్క పనీ సరిగ్గా చూసుకోలేవూ?" అంది తర్వాత.

అన్నం తింటూ ఆయన కాస్త మెత్తబడ్డాడు. "ఆ ముక్క తీసేశాలే. కంగారు పడకు, ఎవరికీ కనపడదు."

మర్నాడు కొట్లో మిషన్ తొక్కుతూ ఆమె ఆ మాటనే నములుకుంది. తీసేశాడట. తీసేసిన ముక్క ఎక్కడికి పోతుంది? అటుదీ ఇటుదీ ఎంత చక్కగా అతికాడో! వీడియోలో ఆయన నవ్వుతూ మొదలెట్టిన మాట నవ్వుతూనే పూర్తయింది. ఆ మధ్యలో ఉన్న తను మాత్రం అతుక్కోలేదు. కొట్టు యజమానురాలు ఆమె చెంప చూసింది. దారం కండె అందిస్తూ, "మేడ మీద గది ఊరికే పడుంది," అని మాత్రం అంది.

ఈ వారం నవ్వుల సినిమా. హాలు కిటకిటలాడింది. రెండో సగంలో మొగుడికి కాఫీ చల్లారినప్పుడల్లా పెళ్లాం చెంప పగులుతుంది. పగిలినప్పుడల్లా డప్పు మోగుతుంది. మోగినప్పుడల్లా హాలు గొల్లుమంటుంది. ముందు వరసలో ఒకావిడ పగలబడి నవ్వుతూ తన చెంప మీద చెయ్యి పెట్టుకుంది. ఇటు ఆమె పక్కనున్న భర్త వైపు చూసింది. ఆయన నోరు తెరిచి నిద్రపోతున్నాడు. హాలు నవ్వినప్పుడు నిద్రలోనే ఆయన పెదాలు కూడా నవ్వాయి. చివరికి పెళ్లాం పొగలు కక్కే కాఫీ తెచ్చింది, మొగుడు మురిసిపోయాడు, పాట, శుభం.

"ఊ, కానీ," అన్నాడు బండి తీస్తూ.

"మొగుడు చెంప మీద కొడుతుంటాడండీ. అందరూ నవ్వుతుంటారు."

"ఆహా. చివర?"

"చివర్లో కూడా కొడతాడు. అప్పుడావిడ గ్యాస్ కట్టేస్తుంది. గ్లాసు తొలిచి బోర్లిస్తుంది. సంచిలో నాలుగు బట్టలు కుక్కుకుని చెప్పులేసుకుని వెళ్లిపోతుంది. నవ్వేవాళ్లు నవ్వడం ఆపేస్తారు."

"కామెడీ సినిమాలో ఇదేంటే?"

"అదే బాగుంది."

ఎర్రలైటు పడింది. "మరి మొగుడేం చేస్తాడు?"

"ఏం చేస్తాడు. నిలబడి చూస్తాడు."

బండి కదిలాక గానీ తను ఏం చెప్పిందో ఆమెకి తెలియలేదు. సరిదిద్దుకోవచ్చు, ఇల్లు ఇంకా దూరమే. నోరు హెల్మెట్ దాకా వెళ్లింది. వెనక్కి వచ్చేసింది.

ఆ సాయంత్రం బావగారు ఊగిపోయాడు. "నవ్విస్తూ నవ్విస్తూ మన చెంపే పగలగొట్టాడయ్యా డైరెక్టరు! ఆ తల్లి గడప దాటుతుంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనిపించింది. ప్రతి మగాడూ చూడాలి." కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. దీపం ఈసారి వాలలేదు. ఎక్కడో ఒక ఆడది వెళ్లిపోతే ఈ మనిషి కళ్లలో నీళ్లు తిరుగుతాయని ఆ వెలుగులో ఆమె చూసింది. చూస్తూ, తను వెళితే తిరగవని కూడా తెలుసుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి వీడియో కింద జాతరైంది. "ఏ హాల్లో చూశావు బావా, మాకా ముక్క వేయలేదే?" "బావ బజ్జుని కలగన్నాడు." ఫోన్ల కొట్టుకొచ్చిన కుర్రాళ్లు కూడా మొహం మీదే నవ్వారట. ఆమె ఆ పూట యజమానురాలిని అడిగింది, "ఆ గది ఇంకా ఖాళీయేనా అక్కా?"

"ఖాళీయే. కిటికీకి తలుపు లేదు మరి."

"పరదా కుట్టుకుంటాలెండి."

సాయంత్రం ఆయన హెల్మెట్ మంచం మీద విసిరికొట్టి వంటింట్లోకి వచ్చాడు. "పరువు తీశావు కదే! లేనిది ఎందుకు చెప్పావు?"

"మొగుడి నోట అబద్ధం పలికిస్తావా అమ్మాయ్?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"సర్లేవే, దీపం తే," అన్నాడు ఆయన, పళ్లు నూరుతూనే. "ఊరికే ఆటపట్టించానని ఇంకో వీడియో పెట్టేద్దాం. అసలు చివర్లో ఆవిడ ఏం చేసిందో చెప్పి చావు ముందు."

ఆయనకి ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవడానికి ఈ ఇంట్లో ఆమె తప్ప దిక్కులేదు.

ఆమె గ్యాస్ కట్టేసింది. అత్తగారు తాగిన గ్లాసు తొలిచి బోర్లించింది. తలుపు వెనక నుంచి సంచి తీసుకుంది. కొట్టు నుంచి రాగానే సర్దినది అది. చెప్పులేసుకుంటుంటే ఆయన వెనకే వచ్చాడు.

"ఏంటిది? ఎక్కడికి?"

ఇన్నేళ్లూ హెల్మెట్ డొప్పకి చెప్పిన మనిషి, ఆ డొప్ప లేని మొహంలోకి తిన్నగా చూసింది. సాగదీయలేదు.

"నేను అబద్ధం చెప్పలేదండీ. సినిమాలో లేదు, అంతే."

గడప దాటింది. ఆయన నిలబడి చూశాడు. లోపల అత్తగారు టీవీ చప్పుడు పెంచింది.